కొసరు కార్డులోనే ఉండిపోయింది!

* సూపర్‌మార్కెట్ పాయింట్లు వాడుకోబోతే సవాలక్ష చిక్కులు
* రెండు రాష్ట్రాలు, రెండు సిమ్‌లు.. సరిహద్దు వాసులకు అదనపు తంటా
* తెలుగులోనే ఫిర్యాదు చేసే వీలుంది.. తెలిసింది కొందరికే

హోసూరు: ఆదివారం సాయంత్రం. హోసూరులోని ఓ సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ ముందు పెద్ద వరుస. అరవై దాటిన ఒకావిడ బుట్టలోని సరుకులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టారు. కౌంటర్లో కుర్రాడు అలవాటుగా అడిగాడు.

''మొబైల్ నంబర్ చెప్పండమ్మా.''

ఆమె భర్త నంబరు చెప్పారు. పదేళ్లుగా ఆ ఇంటి కార్డు ఆ నంబరు మీదే ఉంది.

''పాయింట్లు ఎన్నుండాయో చూడప్పా.''

''రెండు వేల ఆరు వందల నలభై ఉన్నాయమ్మా.''

''అయితే ఈ బిల్లులో తగ్గించుకో.''

''ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి.''

ఆవిడ ఒక్క క్షణం ఆగారు. ''ఆయన పోయి ఏడు నెలలాయెనప్పా. ఆ ఫోను మూలన పడుంది. ఓటీపీ యాడ్నుంచి తెచ్చేది?''

''ఓటీపీ లేకుంటే సిస్టం తీసుకోదమ్మా. నా చేతిలో ఏం లేదు.''

వెనక నిలబడ్డవాళ్లు గొణగడం మొదలెట్టారు. ఆవిడ మరో మాట మాట్లాడకుండా పర్సు తీసి మొత్తం డబ్బు కట్టేసి బయటికొచ్చారు. పాయింట్లు తెర మీద కనిపిస్తూనే ఉన్నాయి. చేతికి మాత్రం రాలేదు.

ఇది ఈ ఒక్క ఇంటి కథ కాదు. బళ్లారి, గంగావతి, బరంపురం, సోలాపూర్, యానాం.. తెలుగువాళ్లు తరతరాలుగా స్థిరపడిన ఏ ఊళ్లో కదిలించినా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది. పర్సులో కార్డు ఉంటుంది. ఫోనులో పాయింట్లు ఉంటాయి. వాడుకుందామనుకున్న రోజే ఏదో ఒకటి అడ్డొస్తుంది.

కొసరు ఎటు పోయింది?

వీధి చివర కిరాణా కొట్లో కొసరు అడగడం మనకు కొత్త కాదు. శేరు పప్పు కొలిచాక గుప్పెడు అదనంగా వేసేవారు. పిల్లాడి చేతిలో బెల్లం ముక్క పెట్టేవారు. ఆ కొసరు అక్కడికక్కడే సంచిలో పడేది. ఇంటికొచ్చేది. దానికి గడువు లేదు, షరతు లేదు.

సూపర్‌మార్కెట్ కొసరు అలా కాదు. అది కంప్యూటర్లో జమ అవుతుంది. ఎప్పుడు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి అన్నది కొట్టువాడు రాసుకున్న నిబంధనల ప్రకారం నడుస్తుంది. ఈ తేడా తెలియకే చాలామంది దెబ్బతింటున్నారు. పాయింట్లను బ్యాంకు ఖాతాలో డబ్బు లాగా చూస్తున్నారు. నిజానికి అది గడువున్న కూపను. వాడుకునేదాకా అది మనది కాదు.

కార్డుల పద్ధతి మన దేశంలో మూడు దశాబ్దాల నాటిది. షాపర్స్ స్టాప్ సంస్థ 1994లోనే 'ఫస్ట్ సిటిజన్' పేరుతో సభ్యత్వం పెట్టింది. బ్రిటన్‌లో టెస్కో సంస్థ 1995లో తెచ్చిన 'క్లబ్‌కార్డ్' ప్రపంచమంతా పేరు మోసింది. కార్డు ఇవ్వడంలో కొట్టువాడి లాభం రెండు రకాలు. కొనేవాడు మరో కొట్టుకు పోడు. పైగా ఏ ఇంట్లో ఏ సబ్బు వాడతారు, నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు కొంటారు, చంటిపిల్లలున్నారా లేరా అన్న లెక్క మొత్తం నంబరుతో సహా అతని దగ్గర ఉండిపోతుంది. ఆ వివరాలకు ప్రతిఫలంగా ఇచ్చేదే ఈ పాయింటు.

లెక్క ఇదీ..

హోసూరు ఇంటి లెక్కే చూద్దాం. నెలకు సుమారు 5,500 రూపాయల సరుకులు. రెండేళ్లకు 1,32,000 రూపాయలు. వంద రూపాయలకు రెండు పాయింట్ల చొప్పున 2,640 పాయింట్లు. నాలుగు పాయింట్లు కలిస్తే ఒక రూపాయి. అంటే రెండేళ్ల కొనుగోళ్లకు తిరిగొచ్చేది 660 రూపాయలు. నూటికి అర్ధ రూపాయి.

ఈ మాత్రానికి ఇంత రాద్ధాంతమా అని అనిపించొచ్చు. కానీ ఆ ఇంటాయన ఈ అర్ధ రూపాయి కోసమే దారిలో ఉన్న రెండు కిరాణా కొట్లు దాటుకుని, ప్రతి నెలా ఐదో తారీఖున ఇక్కడికే వచ్చారు. ఉగాదికి ఒకేసారి వాడుకుందామని ఎప్పుడూ ముట్టుకోలేదు. బిల్లులన్నీ బిస్కెట్ డబ్బాలో మడిచి పెట్టారు. ఇంట్లో ఆయన ఒక్కరి సంపాదనే కాబట్టి, పోయాక వచ్చే కుటుంబ పింఛనుకు ఆ 660 రూపాయలు వారం పది రోజుల కూరగాయల ఖర్చు. అన్నిటికీ మించి అది ఆయన దాచిపెట్టి వెళ్లిన సొమ్ము. ''డబ్బు పోయిందని కాదు, ఆయన దాచింది నా చేతికి ఇయ్యనన్నారే అని బాధ'' అంటారావిడ.

రెండు సిమ్‌ల కాపురం

పాయింట్లు వాడుకోబోతే మొదట అడ్డొచ్చేది ఫోను నంబరే. ఇప్పుడు కార్డు చూపించినా చాలదు. నమోదైన నంబరుకు వచ్చే ఓటీపీ చెప్పాల్సిందే. ఎవరో మన నంబరు చెప్పి పాయింట్లు వాడేసుకోకుండా ఈ ఏర్పాటు పెట్టారు. మంచిదే. కానీ నంబరు మారినవాళ్లకు అదే గోడలా అడ్డం నిలుస్తోంది.

సరిహద్దు జనానికి ఈ తిప్పలు మరీ ఎక్కువ. ఒకప్పుడు ఇటు వచ్చినవాళ్లందరికీ రెండేసి సిమ్‌లు ఉండేవి. చుట్టాలతో మాట్లాడేందుకు ఆంధ్ర సిమ్, ఉన్న ఊళ్లో వాడకానికి కర్ణాటక సిమ్మో తమిళనాడు సిమ్మో. రాష్ట్రం దాటినా అదే నంబరు కొనసాగించుకునే సదుపాయం దేశమంతటా 2015 జులై 3 నుంచి గానీ రాలేదు. రోమింగ్ చార్జీలు పోయాక చాలామంది రెండో సిమ్‌కు రీచార్జి మానేశారు. ఏ నంబరుతో ఏ కార్డు తీసుకున్నారో మాత్రం గుర్తులేదు.

మానేసిన సిమ్ అలా పడుండదు. 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. అలా ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజులదాకా మరొకరికి ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ గడువు దాటాక కొత్తవాళ్లకు ఇచ్చేయొచ్చు. ఏడు నెలలంటే ఈ లెక్క దాటిపోయినట్టే. అంటే హోసూరు ఆవిడ భర్త నంబరుకు వెళ్లిన ఓటీపీ ఈపాటికి ముక్కూమొహం తెలియని మరొకరి ఫోనులో మోగుతూ ఉండొచ్చు. ఒక్క సూపర్‌మార్కెట్ కార్డుకే కాదు, బ్యాంకు ఖాతాకు, గ్యాస్ కనెక్షన్‌కు కూడా ఇదే ముప్పు.

ఇంట్లో ఒకరి పేరు మీదే కార్డు ఉండటం మరో చిక్కు. సరుకులు కొనేది అమ్మ. కార్డు నాన్న పేరు మీద. నంబరు బెంగళూరులో పనిచేసే కొడుకుది. కౌంటర్ దగ్గర నిలబడి కొడుక్కి ఫోన్ చేస్తే అతను మీటింగులో ఉంటాడు. ఓటీపీ గడువు ఈలోగా తీరిపోతుంది.

ఉన్నాయనుకుంటే లేవు

నంబరు గండం గట్టెక్కినా గడువు గండం ఉంటుంది. యానాంకు చెందిన ఓ దంపతులు సంక్రాంతికి పది రోజుల ముందు కాకినాడ వెళ్లారు. 1,150 పాయింట్లు ఉన్నట్టు డిసెంబరు మధ్యలో వాళ్లే చూసుకున్నారు. బిల్లు దగ్గర అడిగితే 90 ఉన్నాయన్నారు.

''అదేంటండీ, మొన్న పదిహేనో తారీఖున చూస్తే ఉన్నాయి కదండీ!''

''డిసెంబరు ముప్పయ్యొకటితో పాతవన్నీ పోయాయండీ. మెసేజ్ వచ్చే ఉంటుందండీ.''

మెసేజ్ నిజంగానే వచ్చింది. రోజూ వచ్చే ఇరవై ఆఫర్ మెసేజ్‌ల మధ్య, ఇంగ్లిష్‌లో. దాన్ని చదివినవాళ్లు లేరు.

పాయింటు ఆయుష్షు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల పడిన రోజు నుంచి లెక్కేస్తారు. కొన్నిచోట్ల ఏడాది చివర ఒకేసారి తుడిచేస్తారు. కొన్ని నెలలు ఏమీ కొనకపోతే కార్డునే నిద్రపుచ్చేవాళ్లూ ఉన్నారు. చదువులకో కాన్పులకో ఊరొదిలి వెళ్లి వచ్చేసరికి అన్నీ సున్నా అవుతాయి.

ఇక మినహాయింపుల సంగతి. తుంగభద్ర ఆయకట్టులో గంగావతి, సింధనూరు చుట్టుపక్కల గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులు బోలెడున్నాయి. అలాంటి ఓ క్యాంపులో శుభకార్యం కోసం ఒక రైతు 8,400 రూపాయల సరుకులు కొన్నారు. బిల్లు కింద చూస్తే పడినవి 30 పాయింట్లే. ఇదేమిటని అడిగితే నూనె డబ్బాలకు, చక్కెరకు, పప్పులకు పాయింట్లు లేవన్నారు. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న వస్తువులకూ లేవన్నారు. మిగిలింది 1,550 రూపాయలు. నిండు వందలు పదిహేను. వందకు రెండు చొప్పున 30. విలువ ఏడున్నర రూపాయలు. ''డబ్బా మోసిన కుర్రాడికి టీకే ఇరవై ఇచ్చానండీ'' అని నవ్వేశారాయన.

కనీస హద్దు మరొకటి. ఇన్ని పాయింట్లు దాటితే గానీ ముట్టుకోనివ్వరు. హద్దు దగ్గరికి వచ్చేసరికి పాతవాటికి గడువు తీరుతుంది. తక్కువ కొనే చిన్న సంసారాలు ఆ హద్దును ఎప్పటికీ అందుకోలేవు. డిస్కౌంట్ రోజుల్లో పాయింట్లు చెల్లవనడం, ఒక రాష్ట్రంలో పడినవి పక్క రాష్ట్రం బ్రాంచిలో కనిపించవనడం కూడా ఉన్నదే.

ఇవన్నీ నిబంధనల్లో రాసే ఉంటాయి. చదివేదెవరు? సోలాపూర్‌లో బీడీలు చుట్టే ఓ మహిళ ఒక్క ముక్కలో తేల్చేశారు. ''ఇంట్ల తెలుగు మాట్లాడుతం, బజార్ల మరాఠీ మాట్లాడుతం. కండిషన్లు ఇంగ్లిష్‌ల ఉంటయి. ఎట్ల సదువుతం?''

కొట్టే మారిపోతే?

గడువు ఉండి, నంబరు ఉండి, చివరికి కొట్టే లేకపోతే? ఇదీ జరిగిందే. చెన్నైలో 1997లో మొదలైన సుభిక్ష దేశమంతటా దాదాపు 1,600 కొట్లకు విస్తరించి 2009లో మూతపడింది. హైదరాబాద్ నుంచి ఎదిగిన త్రినేత్రను ఆదిత్య బిర్లా గ్రూపు కొన్నాక ఆ కొట్లు 'మోర్'గా మారాయి. బిగ్ బజార్ బోర్డులు 2022లో దిగిపోయాయి. అక్కడ పాయింట్లు ఇచ్చిన 'పేబ్యాక్'ను 2021లో భారత్‌పే కొనుక్కుంది. మరుసటి ఏడాది దాని పేరు 'జిలియన్' అయింది. కార్డు మీద ఒక పేరు, కొట్టు మీద ఇంకో పేరు, పాయింట్లు నడిపేది మూడో కంపెనీ. ఎవర్ని అడగాలో తెలియక జనం తికమకపడతారు.

యాజమాన్యం మారుతుందన్న కబురు వినగానే పాయింట్లు వాడేసుకోవడం ఒక్కటే ఇక్కడ ఉపాయం. కొట్టు మూతపడ్డాక పాయింట్లు వసూలు చేసుకోవడం గగనకుసుమమే.

పాయింట్ల పేరుతో వల

గడువు తీరుతుందన్న ఈ భయాన్నే మోసగాళ్లు పెట్టుబడిగా పెట్టుకున్నారు. బరంపురంలో ఓ రిటైర్డు ఉద్యోగికి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. మీ రివార్డు పాయింట్లు 9,980 రూపాయలకు సమానం, ఈ రాత్రితో గడువు ముగుస్తుంది, కింది యాప్ వేసుకోండి అని. ఆయన నొక్కబోతుంటే కోడలు చూసింది.

''మావయ్యా, నొక్కకండి! మీకు వచ్చే పాయింట్లెన్ని? పది వేలెక్కడివి?''

ఆ ఒక్క ప్రశ్నే ఆయన్ను కాపాడింది. ఇలా వచ్చే ఏపీకే ఫైలు వేసుకుంటే ఫోనులోని మెసేజ్‌లు, ఓటీపీలు అవతలివాడి చేతికి చిక్కే ప్రమాదం ఉంది. స్టేట్ బ్యాంకు పేరుతో ఇలాంటివి విపరీతంగా తిరగడంతో, తాము ఎస్సెమ్మెస్‌లోనూ వాట్సాప్‌లోనూ ఇలాంటి ఫైళ్లు పంపబోమని ఆ బ్యాంకే ప్రకటించింది. పొరపాటున నొక్కి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఎవరికి చెప్పుకోవాలి?

కొట్లో మేనేజరుకు చెబితే 'హెడ్డాఫీసు చూసుకుంటుంది' అంటారు. హెడ్డాఫీసు ముంబయిలోనో చెన్నైలోనో ఉంటుంది. అంతదూరం ఎవరు పోతారని జనం వదిలేస్తున్నారు. వదిలేయనక్కర్లేదు.

వినియోగదారుల రక్షణ చట్టం-2019 అమల్లోకి వచ్చింది 2020 జులైలో. దాని ప్రకారం కొన్నది ఎక్కడైనా సరే, ఫిర్యాదుదారు తానుండే ఊరి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. సరిహద్దు జనానికి ఇది పెద్ద వరం. బెంగళూరులో కొన్న హోసూరు వాసి కర్ణాటకకు పోనక్కర్లేదు. కృష్ణగిరి జిల్లా కమిషన్ చాలు. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. వకీలును పెట్టుకోకుండా సొంతంగా వాదించుకోవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి. 2025 జనవరి 1న మొదలైన 'ఈ-జాగృతి'లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు.

ఆరేడు వందల రూపాయలకు కేసేమిటి అనేవాళ్లకు అంతకంటే తేలిక దారి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. పదిహేడు భాషల్లో మాట్లాడతారు. అందులో తెలుగు ఉంది. ఫోను చేసేది తమిళనాడు నుంచైనా, ఒడిశా నుంచైనా తెలుగులో చెప్పుకోవచ్చు. వాళ్లు ఫిర్యాదు నమోదు చేసుకుని నంబరిచ్చి, కంపెనీకి పంపి జవాబు రాబడతారు. ఇది కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు. కానీ కౌంటర్లో వినని మాట హెల్ప్‌లైన్ నుంచి వెళితే కంపెనీలు చాలాసార్లు వింటాయి.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. గడువు తీరుతుందని ముందే రాసి, మెసేజ్ కూడా పంపి ఉంటే వాదన బలహీనమే. చెప్పకుండా నిబంధన మార్చినా, జమైన పాయింట్లను కారణం లేకుండా తీసేసినా అడిగే హక్కు గట్టిగా ఉంటుంది. అందుకు కాగితం కావాలి. బిల్లు పారేసినవాడికి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంకో మాట. కార్డు వద్దనుకునేవాళ్లు బిల్లు కోసం ఫోను నంబరు ఇచ్చితీరాలన్న రూలు లేదు. నంబరు ఇవ్వందే సరుకు అమ్మమనడం అనుచిత వ్యాపార పద్ధతేనని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలో వ్యాపారులకు స్పష్టం చేసింది.

ఇవి గుర్తుంచుకోండి

* పాయింట్లు కూడబెట్టొద్దు. కనీస హద్దు దాటగానే వాడేయండి. వడ్డీ రాదు, పెరగవు, తరుగుతాయి.
* కార్డు తీసుకునేటప్పుడు నాలుగే ప్రశ్నలు అడగండి. గడువెంత? కనీసం ఎన్ని? వేటికి పాయింట్లు రావు? ఏయే ఊళ్లలో చెల్లుతాయి?
* సిమ్ మారుస్తున్నారా? పాతది పనిచేస్తుండగానే కొట్లో నంబరు మార్పించుకోండి. పాత నంబరుకు ఓటీపీ వస్తేనే కొత్తది ఎక్కుతుంది.
* ఇంట్లో సరుకులు ఎవరు కొంటారో కార్డు వారి నంబరు మీదే ఉంచండి.
* నెలకోసారి పాయింట్ల లెక్కను ఫొటో తీసి పెట్టుకోండి. బిల్లు అక్షరాలు వెలిసిపోతాయి కాబట్టి దాన్నీ ఫొటో తీయండి.
* కార్డుదారు చనిపోతే సిమ్‌ను వెంటనే వదిలేయకండి. బ్యాంకు, గ్యాస్, కార్డులు అన్నీ మారేదాకా రీచార్జి చేస్తూ ఉండండి.

ఉగాదికి వచ్చింది

హోసూరు ఆవిడ కూడా మొదట వదిలేద్దామనే అనుకున్నారు. కూతురు ఒప్పుకోలేదు. బిస్కెట్ డబ్బాలోని బిల్లులు, కార్డు, మరణ ధ్రువపత్రం, తన ఆధార్ కలిపి కొట్లో అర్జీ ఇప్పించింది. కంపెనీకి మెయిల్ పెట్టింది. నెల గడిచినా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు 1915కు ఫోన్ చేశారు. తల్లే మాట్లాడారు, తెలుగులో. మరో నెల తిరిగేలోపు కంపెనీ నుంచి ఫోను వచ్చింది. పాయింట్లు ఆమె నంబరుకు మారుస్తామన్నారు.

మారాయి. కానీ ఈ రెండు నెలల్లో మొదటి రెండు నెలలవి గడువు తీరి 220 పాయింట్లు రాలిపోయాయి. మిగిలినవి 2,420. విలువ 605 రూపాయలు.

ఉగాది ముందు రోజు ఆవిడ మళ్లీ అదే కౌంటర్ దగ్గర నిలబడ్డారు. బెల్లం, చింతపండు, కందిపప్పు, మనవడికి బిస్కెట్లు. ఈసారి ఓటీపీ ఆమె చేతిలోని ఫోనుకే వచ్చింది. అంకెలు ఒక్కొక్కటే చదివి చెప్పారు.

''అన్నీ వాడేయమంటారా అమ్మా, కొన్ని ఉంచమంటారా?''

''ఒక్కటి గూడా ఉంచొద్దప్పా'' అన్నారావిడ.